లోపాన్ని దాటవేయడం కాదు, రాసి పంపడం నేర్పండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఇంజనీరింగ్, డిగ్రీ కళాశాలల కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, ప్రోగ్రామింగ్ ల్యాబ్ చూసే అధ్యాపకులకు నమస్కారం.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబ్‌లో బగ్ రిపోర్టు రాయడాన్ని, అంటే కనిపించిన లోపాన్ని దాన్ని తయారుచేసేవాళ్లకు రాసి పంపడాన్ని, ఒక అభ్యాసంగా పెట్టమని మేం ఇచ్చిన విన్నపాల మీద ఇన్‌వార్డు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. ఈలోగా ఇంకోటి జరిగింది. సెమిస్టరుకు ఇన్ని ఇష్యూలు (లోపం మీద పెట్టే రిపోర్టులు) తెరవాలి, ఇన్ని పుల్ రిక్వెస్టులు (కోడులో మార్పు చేర్చమని పంపే వినతులు) చూపించాలి అని కొన్నిచోట్ల లెక్క పెట్టారు. మేం అడిగింది ఒకటి, వచ్చింది దానికి సరిగ్గా తలకిందులు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

పైథాన్‌తో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో ఏదైనా తేడాగా నడిస్తే మన విద్యార్థి చేసే పనులు రెండు. ట్రై, ఎక్సెప్ట్ మధ్య చుట్టేసి, ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసి, అంటే ఎర్రర్ వచ్చినా పట్టించుకోవద్దని చెప్పి, రికార్డులో అవుట్‌పుట్ అతికించడం ఒకటి. ఏఐ చేత నాలుగు పేజీలు రాయించి, కోడు పంచుకునే గిట్‌హబ్ సైటులో పడేయడం రెండోది. మొదటి పనివల్ల లోపం మన జనం నెత్తినే మిగులుతుంది. రెండో పనివల్ల రేపు మనవాళ్లు నిజమైన లోపం చెప్పినా వినేవాడు ఉండడు.

మామూలు జనానికి దీనివల్ల ఏం జరుగుతుందో ముందు చూడండి. నాలుగూ మీ ల్యాబ్‌లో పది నిమిషాల్లో నడిపి చూడదగ్గవే.

1. కమల పేరు ఎక్కుతుంది, విమల పేరు ఎక్కదు. పేరులో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండకూడదని ఫారం రాసేవాళ్లు ఐజ్‌ఆల్ఫా అనే మెథడ్ వాడతారు. కమల, సరళ, రమ అని ఇస్తే ట్రూ వస్తుంది. విమల, సరోజ, లక్ష్మి అని ఇస్తే ఫాల్స్. ఐజ్‌ఆల్ఫాకు యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణంలో) 'లెటర్' వర్గంలో ఉన్నవే అక్షరాలు. మన గుణింతపు గుర్తులూ, పొల్లూ 'మార్క్' వర్గంలో ఉన్నాయి. దీర్ఘం, గుడి, కొమ్ము, ఒత్తు వంటి గుర్తులు లేని పేరు గట్టెక్కుతుంది, ఉన్న పేరు 'ఇన్‌వాలిడ్ నేమ్' అని వెనక్కొస్తుంది. పింఛనుకో స్కాలర్‌షిప్పుకో ఫారం నింపే మనిషికి ఇదంతా తెలిసే దారి లేదు. ఇంగ్లీషులో టైపు చేసి పంపమ్మా అంటారు. ఆ స్పెల్లింగు ఆధార్‌లో ఉన్న స్పెల్లింగుతో కలవదు. ఇక తిరగడం మొదలు.

2. శ్రీకాళహస్తి ఐదు ముక్కలవుతుంది. టెక్స్టులో వెతికే రీ మాడ్యూల్లో మాటల్ని ఏరడానికి పిల్లలకు నేర్పేది బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అనే నమూనా. దాన్ని ఫైండాల్‌కు ఇచ్చి తిరుపతి అని పంపండి. త, ర, పత అని మూడు ముక్కలు వస్తాయి. చిత్తూరు పంపితే చ, త, త, ర. కాణిపాకం పంపితే క, ణ, ప, క. శ్రీకాళహస్తి అయితే శ, ర, క, ళహస, త. కడప ఒక్కటే చెక్కుచెదరకుండా వస్తుంది, అందులో గుణింతం లేదు కాబట్టి. గ్రామాల పేర్లతో వెతుకులాట రాసిన ప్రోగ్రాం కడప పేరుతో పరీక్షిస్తే పాస్, జనం చేతికొచ్చాక ఫెయిల్.

3. నగరి జాబితా ఆగదు, కానీ చెడిపోతుంది. విండోస్ కంప్యూటర్లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) చెప్పకుండా ఫైలు తెరిస్తే పైథాన్ సాధారణంగా సీపీ1252 అనే పాత పట్టికను వాడుతుంది. యూటీఎఫ్-8లో దాచిన తెలుగు ఫైలు మొదట్లో తిరుపతి అని ఉంటే 81 అనే హెక్స్ బైటు దగ్గర యూనికోడ్ డీకోడ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఆ బైటు కొమ్ములోది. చిత్తూరు అని ఉంటే 8డి దగ్గర ఆగుతుంది, అది పొల్లులోది. విచిత్రమేమిటంటే ఎర్రర్‌లో రెండింటికీ పొజిషన్ 11 అనే పడుతుంది. నగరి అన్న మాటలో మాత్రం ఆ పట్టికకు తెలియని బైటు ఒక్కటీ లేదు. ఎర్రర్ రాదు. తలకట్లున్న ఏవో యూరప్ అక్షరాలుగా మారి నేరుగా డేటాబేసులోకి వెళ్లి కూర్చుంటుంది. ఆగిపోయిన ప్రోగ్రాం అదృష్టం. ఆగకుండా చెత్త రాసుకుంటూ పోయేదే పుట్టి ముంచేది, ఎందుకంటే అది బయటపడేసరికి అసలు కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

4. పాల డబ్బులో పైసా. వెన్న శాతం కట్టి లెక్కేస్తే పూటకు 44.125 రూపాయలు వచ్చిందనుకోండి. రౌండ్ ఫంక్షన్‌కు రెండు దశాంశాలు అని చెబితే 44.12 ఇస్తుంది, పాడి రైతు చేతిలెక్కలో 44.13. అదే 44.375 అయితే 44.38 ఇస్తుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు పక్కనున్న సరిసంఖ్య వైపు వెళ్లడం పైథాన్ 3 పద్ధతి. 2.675ను 2.67 చేయడానికి కారణం వేరు. ఆ సంఖ్యను బైనరీలో కచ్చితంగా దాచలేరు, లోపల ఉన్నది 2.675 కంటే ఓ వెంట్రుకవాసి తక్కువ. ఈ రెంటి తేడా తెలియని ప్రోగ్రామరు 'పైథాన్ తప్పు చేస్తోంది' అని రిపోర్టు పెడతాడు, సొసైటీ సాఫ్ట్‌వేర్ మాత్రం అలాగే ఉంటుంది. చేయాల్సింది డెసిమల్ మాడ్యూల్‌కు విలువను కొటేషన్లలో స్ట్రింగుగా ఇచ్చి, క్వాంటైజ్‌లో రౌండ్ హాఫ్ అప్ అని చెప్పడం. ఫ్లోటుగా ఇస్తే డెసిమల్ కూడా ఆ వెంట్రుకవాసి తేడానే మోసుకొస్తుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ నాలుగింటిలో ఒక్కటీ కొత్త బగ్ రిపోర్టుగా పనికిరాదు. మొదటిదీ నాలుగోదీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నదున్నట్టు రాసిన పద్ధతులు. మూడోదానికి దారి ఎప్పుడో పడింది. పెప్ 686 (పైథాన్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన పత్రం) ప్రకారం 3.15 వెర్షన్ నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్టు చేయాలని నిర్ణయించారు, అప్పటిదాకా ఓపెన్‌కు ఎన్‌కోడింగ్ చెప్పి తీరాలి. రెండోది వాదించదగ్గదే. పదాలకు చెల్లే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూలో మార్కులు కూడా చేరాలని యూనికోడ్ టెక్నికల్ స్టాండర్డ్ 18 (యూటీఎస్ 18) చెబుతుంది. కానీ దేవనాగరి మాటలు ఇలాగే ముక్కలవుతున్నాయని 2007లోనే రిపోర్టు పెట్టారు, 2011లో ఇంకొకటి వచ్చింది. దాన్ని మారిస్తే ఇన్నేళ్లుగా పాత పద్ధతిని నమ్ముకుని నడుస్తున్న ప్రోగ్రాములు ఎన్ని తిరగబడతాయో అన్నది అక్కడి చిక్కు. ఆ చిక్కు ఎరగకుండా 'తెలుగును అవమానిస్తున్నారు' అని మూడో రిపోర్టు తెరిస్తే డూప్లికేట్ అని మూసేస్తారు. మూసేయాలి కూడా.

బగ్ ఏది, రాసిపెట్టిన పద్ధతి ఏది, ఇంకా లేని సౌకర్యం ఏది అని విడదీయగలగడమే మేం నేర్పమంటున్న చదువు. స్టాండర్డ్ లైబ్రరీలో తప్పులుండవని మాత్రం దీనర్థం కాదు. జావా అనే మరో భాష లైబ్రరీలోని బైనరీ సెర్చ్ (జాబితాను సగానికి సగం తగ్గిస్తూ వెతికే పద్ధతి) దాదాపు 9 ఏళ్లు తప్పుతోనే నడిచింది. లో, హై రెండూ కూడి రెండుతో భాగించేటప్పుడు మొత్తం 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే హద్దు దాటి నెగటివ్ అవుతుంది. జాషువా బ్లాక్ 2006లో దాన్ని బయటపెట్టారు. (మన ల్యాబ్ రికార్డుల్లో ఆ లైను ఇవాళ్టికీ అలాగే ఉంది. వైవాలో అడిగి చూడండి.) ఒకటిగా కట్టిన ఫైళ్ల మూటను (ఆర్కైవ్‌ను) విప్పే పైథాన్ టార్‌ఫైల్ మాడ్యూలు సంగతి ఇంకా పెద్దది. ఆర్కైవ్ విప్పేటప్పుడు లోపలి ఫైలు పేరులో రెండు చుక్కల దారి పెట్టి బయటి ఫోల్డర్లోకి రాసేయవచ్చని 2007లో చెప్పారు. అప్పట్లో డాక్యుమెంటేషన్‌లో ఒక హెచ్చరికతో సరిపెట్టారు. 2022లో భద్రతా పరిశోధకులు మళ్లీ లేవదీశారు. పెప్ 706తో 3.12లో ఫిల్టర్ వచ్చింది, 3.14లో సురక్షితమైన ఫిల్టరే డిఫాల్టు అయింది. తొలి రిపోర్టు స్పష్టంగా ఉండబట్టే అన్నేళ్ల తర్వాత కూడా దాని నంబరు పట్టుకుని మాట్లాడగలిగారు.

నంబర్లంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా ఏర్పడింది, అదే నెలలో పైథాన్ బగ్ ట్రాకర్ గిట్‌హబ్‌కు మారింది. పాత దస్తావేజుల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా అని ఉన్నట్టే, పాత చర్చల్లో పాత బగ్ నంబర్లు ఉంటాయి. పాత ట్రాకర్ చదవడానికి ఇప్పటికీ తెరుచుకుంటుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఈసీ తీయించకుండా స్థలం కొంటామా? పాత నంబర్లు, మూసేసిన ఇష్యూలు వెతక్కుండా కొత్తది తెరవడమూ అంతే.

రిపోర్టు ఎక్కడ చెడుతుందో వరుసగా చెబుతాం, ఎందుకంటే తప్పులు ఏటా ఇవే.

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది పేరు గొడవ. విద్యార్థి తన ఫైలుకు రాండమ్, క్యాలెండర్, స్ట్రింగ్, ఈమెయిల్ వంటి పేరు పెడతాడు. ఇంపోర్టు చేస్తే లైబ్రరీ మాడ్యూలుకు బదులు ఆ ఫైలే లోడవుతుంది. 'రాండమ్‌లో రాండింట్ లేదు' అని ఎర్రర్. పైథాన్ 3.13 నుంచి ఫైలు పేరు మార్చమని ఎర్రరే సలహా ఇస్తుంది, పాత వెర్షన్లలో ఇవ్వదు. హైఫన్, పెద్ద ఐ పెట్టి ఐసొలేటెడ్ మోడ్‌లో నడిపితే సొంత ఫోల్డర్ దారిలోంచి తప్పుకుంటుంది. అప్పుడూ లోపం వస్తేనే లైబ్రరీ వైపు చూడాలి.

తర్వాతది వెర్షన్. 3.8కి మద్దతు 2024 అక్టోబరుతో ఆగిపోయింది. ల్యాబ్‌లో దానిమీద కనిపించిన లోపాన్ని రిపోర్టు చేస్తే అడిగే మొదటి ప్రశ్న 'కొత్తదానిలో వస్తోందా?' తెలుగుకు ఇది మరీ ముఖ్యం. పాత ముద్రణల్లో కనిపించే నకారప్పొల్లుకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2021లో వచ్చిన 14.0లో, కోడ్ 0సీ5డి. పైథాన్ 3.10లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ను దాని పేరు అడిగితే అలాంటి పేరు లేదని వాల్యూ ఎర్రర్ వస్తుంది. 3.11లో పేరు చెబుతుంది. ప్రాచ్య పరిశోధన సంస్థ, తాళపత్రాలు ఉన్న ఊరు మనది. పాత పుస్తకాలు కంప్యూటర్‌కు ఎక్కించే పిల్లలకు ఇది రేపో మాపో ఎదురయ్యేదే. అది బగ్ కాదు, పాత పైథాన్.

ఇక కంటికి కనిపించని సంగతులు. కుమార్ అన్న పేరు చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) ఒకటి వదిలిపెడతాయి. తెరమీద రెండు కుమార్‌లూ ఒక్కలాగే ఉంటాయి, పోలిస్తే ఫాల్స్. స్ట్రిప్ దాన్ని తీయదు, అది ఖాళీ జాగాల లెక్కలోకి రాదు. రైలులోని ఐత్వాన్ని ఒకే కోడ్‌పాయింటుగానూ (యూనికోడ్ నంబరుగానూ) రాయవచ్చు, రెండిటిగానూ రాయవచ్చు. ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే రూపానికి నార్మలైజ్ చేస్తే తప్ప రెండూ సమానం కావు. కాబట్టి తెలుగు మాటను రిపోర్టులో అలాగే అతికిస్తే అటువైపు మనిషికి ఏ కోడ్‌పాయింట్లు వెళ్లాయో తెలియదు. యాస్కీ ఫంక్షన్‌తో ఎస్కేప్ రూపంలో ఇవ్వాలి. స్క్రీన్‌షాట్ అసలే వద్దు. దాన్ని కాపీ చేసుకుని నడిపేదెవరు?

పాండాస్, రిక్వెస్ట్స్ వంటి విడిగా ఎక్కించుకునే లైబ్రరీలు స్టాండర్డ్ లైబ్రరీ కావు, వాటి లోపాలు వాటి సొంత గూటికే వెళ్లాలి.

మరి మంచి రిపోర్టు ఎంత ఉంటుంది? బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద ఉన్న పాత చర్చకు తెలుగు ఆధారం జోడించాలంటే ఇంతే చాలు: "పైథాన్ 3.13, విండోస్ 11, యూనికోడ్ డేటా 15.1.0. ఇచ్చిన మాటలో ఏడు కోడ్‌పాయింట్లు: 0సీ24, 0సీ3ఎఫ్, 0సీ30, 0సీ41, 0సీ2ఏ, 0సీ24, 0సీ3ఎఫ్. ఫైండాల్ మూడు ముక్కలు ఇచ్చింది. ఒకటే రావాలని అనుకున్నాం. కారణం, ఇందులోని 3ఎఫ్, 41 మార్కులు. యూటీఎస్ 18 వీటిని పదంలో కలుపుతుంది." కింద మూడు లైన్ల కోడు. మన పిల్లల ఇంగ్లీషు ఈ మాత్రానికి ధారాళంగా సరిపోతుంది. 'రెస్పెక్టెడ్ సర్'తో మొదలుపెట్టనక్కర్లేదు, 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అసలే వద్దు. వారానికోసారి 'ఎనీ అప్‌డేట్ సర్' అని పెడితే ఆ చర్చను అనుసరించే ప్రతి ఒక్కరికీ మెయిల్ మోగుతుంది. అక్కడ చదివేవాళ్లలో ఎక్కువమంది తీరికవేళల్లో, జీతం లేకుండా చేస్తున్నవాళ్లు. 'నాకు అసైన్ చేయండి' అని అడగడం కంటే టెస్టు ఒకటి రాసి చూపడం మేలు.

లెక్క పెట్టి పంపించడం గురించి ఒక్క మాట. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ రెపోకు (గిట్‌హబ్‌లో దాని కోడు ఉండే చోటికి) రీడ్‌మీ అనే పరిచయం ఫైలులో తమ పేరు చేర్చే పుల్ రిక్వెస్టులు కుప్పలుగా వెళ్లాయి. ఒక పాఠం చూసి నేర్చుకున్న విద్యార్థులు అసలు రెపోమీదే సాధన చేశారు. అదే ఏడాది డిసెంబరులో పైథాన్ భద్రతా పనులు చూసే సేథ్ లార్సన్, ఏఐ రాసిన పసలేని భద్రతా రిపోర్టులు ఓపెన్ సోర్స్ నిర్వాహకుల సమయం తినేస్తున్నాయని రాశారు. కర్ల్ అనే డేటా బదిలీ సాఫ్ట్‌వేర్ నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్ ఆ జనవరిలోనే ఇదే మొర పెట్టుకున్నారు. అలాంటి రిపోర్టు చూడ్డానికి ఎంత నిగనిగలాడుతుందంటే, అందులోని ఫంక్షన్ అసలు లైబ్రరీలోనే లేదని తేల్చడానికి ఒక మనిషి పూట గడుస్తుంది. సెమిస్టరుకు ఇన్ని అని మీరు పెట్టిన లెక్క ఆ కుప్పకు మన వంతు చేరుస్తోంది.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. ఇష్యూల, పుల్ రిక్వెస్టుల సంఖ్యకు మార్కులిచ్చే నిబంధనను ఈ సెమిస్టరులోనే ఎత్తేయండి. ప్లేస్‌మెంట్ సెల్ కూడా గిట్‌హబ్‌లో రోజువారీ పనిని చూపే పచ్చచుక్కలు లెక్కపెట్టడం మానాలి.

2. సిలబస్ విశ్వవిద్యాలయం చేతిలో ఉందంటారు, ఒప్పుకుంటాం. ఇంటర్నల్ అభ్యాసాలు మీ చేతిలోవే. రెండు ల్యాబ్ పూటలు ఇవ్వండి. మొదటి పూట డాక్యుమెంటేషన్ చదివి, తెరిచినవీ మూసినవీ ఇష్యూలు వెతకడం. రెండో పూట లోపాన్ని పది లైన్లలోపు, బయటి లైబ్రరీ ఏదీ లేని కోడుగా కుదించడం. ముగ్గురికొక జట్టు. ఒక జట్టు రాసింది పక్క జట్టు తమ కంప్యూటర్లో, రాసినవాళ్లను ఒక్క మాటా అడక్కుండా నడిపించగలగాలి. అడగాల్సి వచ్చిందంటే రిపోర్టులో ఏదో తక్కువైనట్టే. అది దాటాకే బయటికి పంపాలి.

3. 'ఇది బగ్ కాదు' అని ఆధారంతో తేల్చిన జట్టుకు పూర్తి మార్కులు ఇవ్వండి. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలొద్దు. లేకపోతే పిల్లలు బగ్‌లు పుట్టిస్తారు.

4. ల్యాబ్‌లో కనీసం ఒక లినక్స్ కంప్యూటరు, అన్నిటిలో ప్రస్తుతం మద్దతున్న పైథాన్ ఉండాలి. విండోస్‌లో మాత్రమే వచ్చే లోపమా కాదా అని చూడ్డానికి వేరే దారి లేదు.

5. స్ట్రింగులు, ఫైళ్ల అభ్యాసాలన్నిటికీ తెలుగు పరీక్ష మాటలు తప్పనిసరి చేయండి. కమల, విమల, నగరి, తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, రెండు విధాలుగానూ రాసిన రైలు, చివర జాయినర్ ఉన్న కుమార్. ఈ ఎనిమిదింటితో, నకారప్పొల్లు తప్ప, పైన చెప్పిన తెలుగు తేడాలన్నీ బయటపడతాయి. పేర్ల తనిఖీకి ఐజ్‌ఆల్ఫా బదులు, ప్రతి కోడ్‌పాయింటు వర్గం 'ఎల్' (లెటర్) తోనో 'ఎమ్' (మార్క్) తోనో మొదలవుతోందా అని యూనికోడ్‌డేటాతో చూడడం నేర్పండి. ఖాళీలనూ జాయినర్‌నూ విడిగా ఒప్పుకోవాలి.

6. భద్రతకు సంబంధించిన లోపమని అనుమానం వస్తే అందరికీ కనిపించే ఇష్యూగా తెరవకూడదని, పైథాన్ భద్రతా బృందానికి విడిగా పంపాలని మొదటి రోజే చెప్పండి. వాట్సాప్ గ్రూపులో ముందు పెట్టి తర్వాత పంపడం కూడా తెరవడమే.

7. కళాశాల ప్రాజెక్టుగా చేసి బయటి సంస్థలకు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో ఎక్సెప్ట్ కింద ఉత్త పాస్ కనిపిస్తే ప్రాజెక్టు వెనక్కి పంపండి.

వీటిలో ఏది చేస్తారో, ఏది కుదరదో, కుదరనిది ఎందుకు కుదరదో మొదటి ఇంటర్నల్స్‌కు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. అభ్యాసం రాసిపెట్టడం, పరీక్ష మాటల ఫైలు తయారుచేయడం, రెండు ల్యాబ్ పూటలూ వచ్చి పక్కన కూర్చోవడం మా వంతు. దానికి మీ నుంచి ఒక్క పైసా అడగం, ల్యాబ్ తాళం తీసి ఉంచితే చాలు.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పనిచేసే కొందరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, శిక్షకులు